తరవాణి – తొరాణి

వైశాఖపు ఎండలు ముదరగానే మా మామ్మగారు చేసే తొలి పని, తరవాణి కుండను కడిగి ఎండబెట్టి వంటింటి మూల కుదురుపై నిలపడం. మొదటినాడు గంజి, కాసింత అన్నం, నీళ్లు, రెండు దబ్బాకులు. మూడవనాటికి పులుపెక్కేది. ఆపైన రాత్రి మిగిలిన అన్నమంతా అందులోకే. తెల్లవారి అన్నంతోపాటు తేటనీరు తీసి, తీసినంత గంజి మళ్లీ పోసేవారు. కుండ అడుగు ఎన్నడూ ఖాళీ కాకూడదు. పెరుగుకు తోడు ఎటువంటిదో దీనికి ఆ అడుగునీరు అటువంటిది. ఉప్పుగల్లు, ఆవకాయ ముక్క ఉంటే మాకు మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు.

దీనిని పేదల కూడు అని తీసిపారేసేవారికి అమరకోశం చూపించాలనిపిస్తుంది. వైశ్యవర్గంలో అమరసింహుడు ఇటువంటి పులికడుగుకు కాంజికమని, ఆరనాళకమని, సౌవీరమని, ధాన్యామ్లమని పేర్లు వరుసగా చెప్పాడు. ఒక వస్తువుకు అన్ని పర్యాయపదాలున్నాయంటే అది ఎన్ని ఇళ్లలో ఉండి ఉండాలి! మన పోతన భాగవతంలో గోపబాలురు చల్దులారగించే ఘట్టం సరేసరి. చలిది చల్ది అయింది, చల్ది చద్ది అయింది.

నేను చెప్పదలచినది మాత్రం తరవాణి అనే మాట గురించి. 1980లలో పాతపట్నంలో కొంతకాలం పనిచేశాను. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. మా పక్కింట ఒడియా మాట్లాడే ముసలమ్మ ఉండేది. ఒకనాడు ఎండన పడి బడినుంచి వస్తుంటే పిలిచి, "మాష్టారూ, కొంచెం తొరాణి తాగి వెళ్లండి" అని చెంబు అందించింది. తాగితే మా మామ్మగారి కుండే! వారు పులియబెట్టిన అన్నాన్ని పఖాళ అంటారు, దాని నీటిని తొరాణి అంటారు. పూరీలో జగన్నాథునికి పఖాళ నివేదన ఉంది. మహాప్రసాదపు అన్నంతో చేసే టంక తొరాణి అక్కడ ప్రసిద్ధ పానీయం. తరవాణి, తొరాణి – ఎవరి మాట ఎవరు తీసుకున్నారో తేల్చడం నా పని కాదు. రెండూ ఒకే కుండలోవని నాలుకకు తెలిసింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. తూర్పుగాంగుల కళింగనగరం వంశధార ఒడ్డునున్న ముఖలింగమేనని పలువురు చరిత్రకారులు గుర్తించారు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని కాలంలోనే పూరీ ఆలయ నిర్మాణం మొదలైంది. అంటే ఆ గుడి కట్టించినవాడు మన శ్రీకాకుళం సీమనుంచి వెళ్లినవాడు.

ఆవ సంగతీ ఇంతే. మిరప అమెరికా ఖండాలనుంచి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు కారానికి మిరియం, పిప్పలి, ఆవ. పూరీ ఆలయపు వంటశాలలో నేటికీ మిరపకు, బంగాళాదుంపకు, టమాటాకు ప్రవేశం లేదు. ఆవముద్ద కలిపిన కూరను ఒడియావారు బెసర అంటారు. మనం ఆవపెట్టిన కూర అంటాం. పనసపొట్టయినా, కందా బచ్చలీ అయినా, దించిన తరువాతే ఆవ కలపాలి. పొయ్యిమీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. గోదావరివారు ఇది మాదంటారు. కాదనను. ప్రాచీన కళింగం మహానది మొదలు గోదావరి దాకా విస్తరించిందని గుర్తుచేసి ఊరుకుంటాను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి గంజాం జిల్లా చీలింది. పర్లాకిమిడి అటు, టెక్కలి, శ్రీకాకుళం ఇటు. ఆ బాధతో గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం చేరారు. భాషలమధ్య గీత గీశారు గాని, ఆ గీత వంటింట్లోకి రాలేదు.

వంటింట్లోకి వచ్చినవి వేరు. కాఫీ వచ్చింది, ఇడ్లీ వచ్చింది, ఆ తరువాత ఫ్రిజ్ వచ్చింది. చుట్టాలు వస్తే తరవాణి కుండను పెరట్లోకి జరపడం నేను కళ్లారా చూశాను. జరిపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒరిస్సావారు మార్చి 20ని పఖాళ దినంగా జరుపుకుంటున్నారు. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌షెఫ్ తుదిపోటీలో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి ఇటువంటిదే అయిన పాంతాభాతును వడ్డించి మూడవ స్థానం పొందారు. మా కుండ పెరట్లోనే పగిలింది. మరొకటి ఎవరూ తేలేదు.

ఈ వేసవిలో కుమ్మరి దగ్గర ఒక చిన్న కుండ తెచ్చాను. మూడవనాటికి పులుపెక్కింది. దబ్బాకు దొరకలేదు, నిమ్మాకు వేశాను.