మహమ్మారి కాలమున విదేశవిద్య

క్రీస్తుశకము 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగు చదువుకొనుటకై మన దేశమునకు బయలుదేరినపుడు చైనా సరిహద్దు మూసియున్నది. ప్రజలెవరును పడమటి దిశగా దేశము దాటరాదని చక్రవర్తి ఆజ్ఞ. ఆ భిక్షువు రాత్రివేళ కావలివారి కన్నుగప్పి దాటిపోయినాడు. నలందలో చదివినాడు. మన ధాన్యకటకమునకు వచ్చి కొంతకాలము నిలిచినాడు. 645లో ఆయన తిరిగిపోయినపుడు అదే రాజ్యము ఆయనను ఆదరముతో ఎదుర్కొన్నది. పదమూడు శతాబ్దములకు పైగా గడచినపిదప మన పిల్లలు వేలకొలదిగా ఆ దేశమునకే చదువుకొరకు పోయినారు. వారికిని మూసిన సరిహద్దు ఎదురైనది. ఈ మారు దానిని మూసినది రోగభయము. కన్నుగప్పి దాటుటకు వీలులేని సరిహద్దు అది.

రోగభయముతో వాకిలి మూయుట పాత పద్ధతియే. దానికి లిఖితరూపమున దొరకు తొలి శాసనములలో ఒకటి 1377 నాటిది. ఆడ్రియాటిక్ సముద్రతీరమున రగూసా అను చిన్న వర్తకరాజ్యము ఉండెడిది. నేటి డుబ్రోవ్నిక్ నగరమే అది. ప్లేగు ఉన్న చోటినుండి వచ్చువారెవరైనను నగరమున అడుగిడుటకు ముందు సమీపమందలి దీవిలోనో, ప్రక్కనున్న చిన్న పట్టణములోనో నెలదినములు గడపవలెనని అచ్చటి సభవారు తీర్మానించినారు. తరువాత ఆ నెల నలువది దినములైనది. నలువది అను అర్థముగల ఇటలీ మాటనుండియే క్వారంటీను అను మాట పుట్టినది. 2020లో మన ఇండ్లలో చిన్నపిల్లలు సైతము ఆ మాటను నేర్చుకొన్నారు. రగూసావారు ముఖ్యముగా వర్తకుల నుద్దేశించి ఈ కట్టడి చేసినారు. సరకు నెలదినములు ఆగినచో నష్టమెంతయో వర్తకుడు లెక్కకట్టుకొనగలడు. చదువు ఆగినచో ఆ నష్టమును ఎవరు లెక్కకట్టవలెను? ఎవరు భరింపవలెను?

ఈ ప్రశ్న పుట్టదగిన ఊరు పాడువా. వెనిస్ రాజ్యమునకు లోబడిన ఆ నగరమందలి విశ్వవిద్యాలయమునకు యూరపు నలుమూలలనుండి విద్యార్థులు వచ్చెడివారు. రక్తప్రసరణమును నిరూపించిన విలియం హార్వే ఇంగ్లండునుండి పోయి 1602లో వైద్యపట్టము పొందినది అక్కడనే. ఆ కాలమున ఇటలీలో ఊరినుండి ఊరికి పోవు బాటసారి చేత ఆరోగ్యపత్రము ఉండవలెను. ఇతడు ఫలానా ఊరినుండి వచ్చుచున్నాడు, ఆ ఊరిలో ప్లేగు లేదు అని అందులో వ్రాసియుండును. ఆ పత్రము చెప్పునది అతడు విడిచివచ్చిన ఊరి ఆరోగ్యమును గూర్చియేగాని అతని ఆరోగ్యమును గూర్చి కాదు. ఈ చిన్న విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ఇది మరల మరల మనకు ఎదురగును.

జాన్ ఎవిలిన్ అను ఆంగ్లేయుడు 1645లో పాడువాలో శారీరశాస్త్రము అభ్యసించి, మరుసటి యేట ఆల్ప్సు పర్వతములు దాటి ఇంటిముఖము పట్టినాడు. త్రోవలో ఒక సత్రమున, అలసటకు ఓర్వలేక, యజమానురాలి కూతురిని పడకనుండి లేపించి, ఆ పడక వెచ్చదనము ఆరకముందే తాను పరుండినాడు. జెనీవా చేరునప్పటికి మశూచి బయటపడినది. వారములతరబడి గదిలోనే ఉండవలసివచ్చినది. గళగండముగల ఒక స్విస్సు స్త్రీ రాత్రింబవళ్లు అతనిని కనిపెట్టుకొని ఉన్నదట. ఎన్ని పత్రములున్నను దూరదేశమున జబ్బుపడిన విద్యార్థికి కావలసినది అటువంటి మనిషి. నియమములు వ్రాయువారు తరచుగా మరచునదియు అదియే.

ఇరువదవ శతాబ్దిలో ఆరోగ్యపత్రము పసుపుపచ్చని చిన్న పుస్తకముగా మారినది. 1950, 60 సంవత్సరములలో ఇంగ్లండుకో అమెరికాకో చదువుకు పోయినవారు పాస్‌పోర్టుతోపాటు దానిని భద్రముగా దాచుకొనెడివారు. మశూచి టీకా వేసినట్లు అందులో వ్రాసియుండును. ఆ ముద్ర మూడు సంవత్సరములు చెల్లెడిది. ఇది ఊరిని గాక మనిషిని చూచెడి పత్రము. ఆ మేరకు మేలైనదే. మశూచి ప్రపంచమున లేదని 1980లో ప్రకటన వెలువడుటతో ఆ ముద్ర అవసరము తీరినది. అంటురోగములు పాతకాలపు మాటయని అనేకులు తలచినారు.

2003లో సార్స్ వచ్చినది. ఆ యేడు మే నెలలో అమెరికాయందలి బర్కిలీ విశ్వవిద్యాలయము చైనా, తైవాను, హాంకాంగు, సింగపూరులనుండి వేసవి తరగతులకు రాదలచినవారిని చేర్చుకొనబోమని ప్రకటించినది. రోగలక్షణము కనబడినవారిని విడిగా ఉంచుటకు తగిన వసతి తమకు లేదని వారు చెప్పిన కారణము. దానిని దాచక చెప్పుటను మేము మెచ్చుకొనెదము. కాని ఆ కట్టడి పాడువా కాలపు పత్రమువలెనే మనిషిని చూడక ఊరిని చూచినది. విమర్శలు చెలరేగినవి. కొలది దినములలోనే కొందరికి సడలింపు నిచ్చినారు. 2009లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించినపుడు ఇదే కథ తలక్రిందులైనది. చైనీయభాష నేర్చుకొనుటకై మాంట్రియల్‌నుండి చాంగ్‌చున్ నగరమునకు పోయిన కెనడా విద్యార్థులను, జ్వరమేదియు లేకున్నను, చైనా అధికారులు హోటలులో నిర్బంధించినారు. ఆ నెలలోనే అమెరికానుండి హైదరాబాదు చేరిన ఒక యువకునిలో మన దేశపు తొలి కేసు బయటపడినది. అప్పటి పాఠములు అప్పుడే వ్రాసిపెట్టుకొనియున్నచో తరువాత ఎంతో మేలు జరిగియుండును.

2020 జనవరి 23వ తేదీ ఉదయము వూహాన్ నగరమునకు రాకపోకలు నిలిచిపోయినవి. చైనీయుల నూతన సంవత్సరమునకు రెండు దినములే మిగిలియున్నవి. సెలవులని కొందరు మన విద్యార్థులు అప్పటికే ఇండ్లకు బయలుదేరినారు. మిగిలినవారు వసతిగృహములలో చిక్కుకొన్నారు. జనవరి 30న కేరళలోని త్రిస్సూరులో భారతదేశపు తొలి కోవిడ్ రోగిగా తేలినది వూహాన్‌నుండి తిరిగివచ్చిన ఒక వైద్యవిద్యార్థినియే. రెండవ, మూడవ రోగులును అక్కడి విద్యార్థులే. ముగ్గురును కోలుకొన్నారు. 2018లో నిపా వ్యాధిని ఎదుర్కొన్న అనుభవముతో కేరళ ఆరోగ్యశాఖవారు వచ్చినవారి జాబితాలు పట్టుకొని ఇంటింటికి విచారించుచుండిరి. వాకిట నిలిపి తరిమివేయుటకును, ఇంట ఉంచి కనిపెట్టుటకును గల భేదము ఇక్కడ తెలియును.

ఫిబ్రవరి 1వ తేదీన ఎయిర్ ఇండియా విమానము 324 మందిని వూహాన్‌నుండి ఢిల్లీకి చేర్చినది. వారిలో 211 మంది విద్యార్థులు. ఆంధ్రప్రదేశమువారు 56 మంది. కర్మాగారపు శిక్షణకై అక్కడకు పోయిన యువ ఇంజనీర్లును ఆనాడు వూహాన్‌లో చిక్కుకొనియుండిరి. మరునాడు రెండవ విమానములో 323 మంది మనవారును, ఏడుగురు మాల్దీవులవారును వచ్చినారు. జ్వరమున్నదని ఆరుగురిని మొదటి విమానము ఎక్కనీయలేదు. ఆ ఆరుగురి ఇండ్లవారు ఆ రాత్రి ఎట్లు గడపినారో ఊహించుకొనవలసినదే. వచ్చినవారిని మానేసర్‌లో సైన్యమువారి శిబిరమునను, ఢిల్లీలో సరిహద్దు పోలీసుల శిబిరమునను పదునాలుగు దినములు ఉంచినారు. ముసుగులు కట్టుకొనియే ఆ యువకులు నృత్యము చేసిన దృశ్యమును దేశమంతయు చూచినది. పరీక్షలు జరిపి, రోగము లేదని తేలినతరువాత ఇండ్లకు పంపినారు. మన ప్రభుత్వము చేసిన మంచిపనులలో దీనిని లెక్కింపవలెను. వాకిలి తెరచి, లోపల గది సిద్ధముచేసి, పిల్లలను పిలుచుకొన్నారు. బర్కిలీవారు లేదన్న గది ఇదియే.

ఆరువారములు గడచినవో లేదో దృశ్యము మారినది. మార్చి 17న ఫిలిప్పీన్సు, మలేషియాలనుండి విమానముల రాకను మన ప్రభుత్వము నిషేధించినది. ఫిలిప్పీన్సులో వైద్యము చదువు మన పిల్లలు అప్పటికే మనీలా విడిచి బయలుదేరియున్నారు. కౌలాలంపూరులో విమానము మారవలసినవారు అక్కడనే ఆగిపోయినారు. వెనుకకు పోవుటకు లేదు, ముందుకు వచ్చుటకు లేదు. అట్లు చిక్కినవారిలో తెలుగువారు పెక్కుమంది. తలిదండ్రుల ఆక్రోశము చెవినిపడి, ఢిల్లీకిని విశాఖపట్నమునకును ప్రత్యేకముగా విమానములను అనుమతించినారు. నిషేధము తప్పని మేము అనుట లేదు. ఆకాశమున ఉన్నవారిని తలచుకొనక నిషేధమునకు ముహూర్తము నిర్ణయించుట తప్పు. మార్చి 22తో విదేశవిమానములన్నియు నిలిచిపోయినవి. మే 7న వందే భారత్ పేర విమానములు మొదలగువరకు లండనులో, మెల్‌బోర్నులో, చికాగోలో మన పిల్లలు అద్దెగదులలో బియ్యము లెక్కపెట్టుకొనుచు గడపినారు.

అమెరికాలో చిక్కు మరియొక రూపమున వచ్చినది. రోగవ్యాప్తిని అరికట్టుటకై విశ్వవిద్యాలయములు పాఠములను కంప్యూటరు తెరమీదికి మార్చినవి. అది ఆరోగ్యనియమము. తెరమీద మాత్రమే చదువుకొను విదేశీ విద్యార్థికి దేశమున ఉండుటకు హక్కులేదని 2020 జూలై 6న వలసశాఖ ప్రకటించినది. అది వలసనియమము. మొదటిదానిని పాటించినవాడు రెండవదానికి దోషి! హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థలు రెండు దినములలోనే న్యాయస్థానమునకు ఎక్కినవి. జూలై 14న ప్రభుత్వము ఆ ప్రకటనను ఉపసంహరించుకొన్నది. ఇక్కడ విద్యార్థి పక్షమున నిలుచుటకు అతని విద్యాలయము ఉన్నది.

2021లో టీకా వచ్చినది, దానితో కొత్త పత్రమును వచ్చినది. కోవిషీల్డు రెండు మోతాదులకు నడుమ 84 దినములు గడవవలెనని మన దేశమున నియమము. అమెరికాలో తరగతులు ఆగస్టులో మొదలగును. అందుచేత విదేశమునకు పోవు విద్యార్థులకు 28 దినములు గడచినపిదప రెండవ మోతాదు ఇయ్యవచ్చునని జూన్ 7న కేంద్రము సడలింపు నిచ్చినది. టీకా పత్రముమీద పాస్‌పోర్టు సంఖ్య వేయుమన్నది. విద్యార్థి యను మనిషి ఒకడున్నాడని తలచి చేసిన అరుదైన నియమములలో ఇది ఒకటి. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ వేయించుకొన్నవారికి మాత్రము ఆ వేసవిలో కష్టము తప్పలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని నవంబరు 3న గాని ఆమోదింపలేదు. అందాక అమెరికా విద్యాలయములు పెక్కు మరల వేరు టీకా వేయించుకొమ్మన్నవి.

వీటన్నిటికంటె దీర్ఘమైనది చైనా వైద్యవిద్యార్థుల కథ. 2020 మార్చి 28 నుండి చైనా విదేశీయుల రాకను నిలిపివేసినది. అక్కడి విద్యాలయములలో చేరియున్న భారతీయులు ఇంచుమించు 23,000 మంది. అత్యధికులు వైద్యము చదువువారు. మన దేశమున సీటు దొరకక, ప్రైవేటు కళాశాలల రుసుము భరింపలేక, పొలమో నగలో తాకట్టుపెట్టి పంపినవారు అనేకులు. పాఠములు తెరమీద నడచినవి, రుసుములు నడచినవి. నడువనిది ఒక్కటే, ఆసుపత్రి వార్డులో రోగి మంచము ప్రక్కన నిలుచుట. గుండె చప్పుడును తెరమీద వినవచ్చును. కాని చేయిపెట్టి కడుపు తడవి చూచుట తెరమీద ఎవరు నేర్పగలరు?

మన జాతీయ వైద్యమండలి 2021 నవంబరులో చేసిన నిబంధనలు 54 నెలల చదువును, ఆ విద్యాలయమునందే పండ్రెండు నెలల శిక్షణను కోరినవి. తెరమీద మాత్రమే చదివిన వైద్యము చెల్లదని 2022 ఫిబ్రవరిలో ఆ మండలి మరల హెచ్చరించినది. దీనిని క్రూరమని కొందరన్నారు. మేము అంత సులభముగా అనజాలము. ఆ పట్టభద్రుడు రేపు మన పల్లెలో ఒక బాలింత నాడి చూడవలసినవాడు. ఆమెకును హక్కున్నది. చైనావారి కారణము చైనావారికి ఉన్నది, మన మండలి కారణము మన మండలికి ఉన్నది. రెండు న్యాయములకు నడుమ, ఏ న్యాయమునకును చెందక, ఇరువది రెండేండ్ల కుర్రవాడు తండ్రి ఇంటి మిద్దెమీద తెర తెరచుకొని కూర్చున్నాడు.

వ్యవహారము సుప్రీంకోర్టుకు పోయినది. 2022 ఏప్రిల్ 29న ఆ న్యాయస్థానము రెండు నెలలలో ఒక పథకము రూపొందింపుమని మండలిని ఆదేశించినది. జూలై 28న పథకము వెలువడినది. చివరి సంవత్సరమున ఉండి తిరిగివచ్చి, జూన్ 30లోగా చదువు పూర్తియైనట్లు పత్రము పొందినవారు మన దేశపు అర్హతపరీక్షకు కూర్చుండవచ్చును. ఉత్తీర్ణులైనవారు ఒక యేడాదికి బదులు రెండేండ్లు ఆసుపత్రిలో శిక్షణ పొందవలెను. పోయిన అనుభవమును రోగి ప్రక్కనే పూరింపుమన్నారు. ఇది తగిన పరిష్కారమేయని మా అభిప్రాయము. మంచము ప్రక్క లోటును మంచము ప్రక్కనే తీర్చుకొనవలెను. కాని చివరి సంవత్సరమునకు ముందున్నవారు ఆ గీతకు అవతల మిగిలిపోయినారు.

ఆగస్టు 24 నుండి చైనా విద్యార్థులకు మరల వీసాలు ఇయ్యసాగినది. విమానములు తక్కువ, టికెట్టు ధరలు మిన్నంటినవి. అక్కడ దిగినపిదప హోటలులో క్వారంటీను. దానిని 2023 జనవరి 8న ఎత్తివేసినారు. 2019 శరత్కాలమున మొదటి సంవత్సరములో చేరిన విద్యార్థి అప్పటికి నాలుగవ యేట ఉన్నాడు. తన కళాశాల తరగతిగదిలో అతడు కూర్చున్నది ఒక్క అర్ధసంవత్సరము.