ఫైలు ఎక్కడుంది? కేబుల్ ఎక్కడుంది?

పావ్లోవ్ పేరు వినగానే కుక్కా, దాని నోట్లో ఊరే లాలాజలమూ గుర్తొస్తాయి. ఆ కుక్క నేర్చుకున్నది మెదడులో ఎక్కడ రాసుకుందో మాత్రం స్కూల్లో మనకెవరూ చెప్పలేదు. పావ్లోవ్ లెక్క ప్రకారం పెద్దమెదడు పైపొరలో. 1927లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే ఆ పైపొర ఉంటుంది, అంత నమ్మకం!

తర్వాత లాష్లీ అనే అమెరికన్ ఎలుకల మెదడు పైపొరని ముక్కలు ముక్కలుగా కోస్తూ ఏళ్ళ తరబడి వెతికి, 1950లో దాదాపు చేతులెత్తేశాడు. నన్నడిగితే ఆయన పెట్టిన పరీక్షే చిక్కు. చిక్కుదారుల్లో తిరిగే ఎలుకకి కళ్ళున్నాయి, ముక్కుంది, మీసాలున్నాయి. ఒకటి పోతే ఇంకోదానితో నెట్టుకొస్తుంది.

రిచర్డ్ థాంప్సన్ అందుకే చాలా చిన్న పని పట్టుకున్నాడు. కుందేలుకి ఓ శబ్దం వినిపించి, సెకనులో నాలుగో వంతు గడిచాక కంట్లోకి గాలి ఊదడం, అంతే. అలా చాలాసార్లు చేస్తే శబ్దానికే కన్ను మూస్తుంది. 1984లో మెకార్మిక్, థాంప్సన్ ఇద్దరూ చూపించిందేంటంటే, చిన్నమెదడు లోపల ఇంటర్‌పాజిటస్ అనే కేంద్రకం దెబ్బతింటే ఆ నేర్చుకున్న రెప్పపాటు పోతుంది. గాలి ఊదితే మాత్రం రెప్ప మామూలుగానే పడుతుంది.

దొరికేసినట్టేనా? ప్రింటర్ కేబుల్ పీకినా ప్రింటు రాదు. అంతమాత్రాన ఫైలు కేబుల్లో ఉందని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? విమర్శకులూ ఊరుకోలేదు.

దానికి జవాబు 1993లో వచ్చింది, నాకు భలే నచ్చిన డీబగ్గింగ్ ఇది. క్రూపా, థాంప్సన్ బృందం మసిమాల్ అనే మందు వాడారు. అది కణాల్ని చంపదు, కాసేపు నోరు మూయిస్తుంది. కొన్ని కుందేళ్ళకి ఇంటర్‌పాజిటస్ చుట్టూ, మరికొన్నిటికి దాని సంకేతాన్ని కంటి వైపు చేరవేసే రెడ్ న్యూక్లియస్‌లో ఈ మందు ఎక్కించి శిక్షణ ఇచ్చారు. మందు పనిచేస్తున్నంతసేపూ రెండు గుంపులూ శబ్దానికి కన్ను మూయలేదు. బయట్నుంచి చూస్తే తేడా ఏమీ లేదు.

తర్వాత మందు లేకుండా చూశారు. రెడ్ న్యూక్లియస్ గుంపు మొదట్నుంచే చక్కగా రెప్ప వేసింది. అంటే పాఠం ఎప్పుడో ఎక్కింది, బయటికి వచ్చే దారే మూసుకుంది. ఇంటర్‌పాజిటస్ గుంపు మాత్రం ఆ శబ్దం ఎన్నడూ విననట్టే మళ్ళీ ఓనమాల నుంచి మొదలెట్టింది.

ఇదంతా గాలి ఊదేవరకూ శబ్దం మోగుతూనే ఉన్నప్పటి సంగతి. శబ్దం ఆపేసి, కాస్త ఖాళీ ఇచ్చి ఊదితే చిన్నమెదడు ఒక్కటే సరిపోదు, హిప్పోకాంపస్ కూడా కావాలి. ఆ కథ ఇంకో టపాలో.