అద్దెబండికి పూచీ యెవరిది?



ఎరువుసొమ్ము బరువుచేటని మనవారి సామెత. పరుల వస్తువు మనచేత నుండగా చెడిపోయినచో ఆ నష్టమును ఎవ్వరు భరింపవలెను? ఎడ్లజతను, బండిని ఎరువు తెచ్చుకొన్న నాటినుండియు ఈ తగవు ఊరూర నున్నది. నేడు అమెరికాకు పోయిన మన పిల్లలు అద్దెకు కారు పుచ్చుకొనునప్పుడును ఈ తగవే యెదురగుచున్నది. "బండికేమైన నయినచో నా క్రెడిట్ కార్డు చూచుకొనును" అని వారు మనకు ధైర్యము చెప్పుదురు. ఆ మాట యెట్లు పుట్టినదో, ఎంతవరకు నమ్మదగినదో నేడు మనవి చేసెదను.

ముందుగా మన పూర్వుల తీర్పు చూతము. దాచుమని యిచ్చిన సొమ్ము రాజు వలనగాని, దైవము వలనగాని, దొంగల వలనగాని పోయినచో, దాచినవాడు దాని నిచ్చుకొననక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. అడిగి తెచ్చుకొన్న వస్తువునకును అదే న్యాయమును చెప్పినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య రచించెను. 13వ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయ మను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కావున ఈ ధర్మము మన భాషకు క్రొత్తది కాదు. తప్పు లేనివానిపై నష్టము మోపరాదనుట దాని సారము.

ఇంగ్లీషు న్యాయస్థానములును ఈ విషయమును విచారించినవి. 1703లో హోల్టు అను ప్రధాన న్యాయమూర్తి, పరుల సొత్తు మనచేతికి వచ్చు విధములను ఆరుగా విభజించి, ఒక్కొక్కదానికి ఎంత జాగ్రత్త కావలెనో నిర్ణయించెను. మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము 151, 152 సెక్షనులలో ఈ సంగతి గలదు. సామాన్య వివేకము గలవాడు తన సొత్తును కాపాడుకొనునంత జాగ్రత్తతో పరుల సొత్తును కాపాడినచో, అది పాడైనను వాడు పూచీదారుడు కాడు. కాని ఆ చట్టము ఒక్క మినహాయింపు పెట్టినది: ప్రత్యేకమైన కరారు లేనియెడల మాత్రమే ఈ రక్షణ. నేను చెప్పబోవు కథ యంతయు ఆ ప్రత్యేకమైన కరారును పట్టుకొనియే నడచినది.

1918లో షికాగో నగరమున వాల్టరు జాకబ్సు అను యువకుడు పండ్రెండు ఫోర్డు కారులతో అద్దె వర్తకము ప్రారంభించెను. 1923లో దానిని జాన్ హెర్ట్జు కొనెను. 1946లో వారెన్ ఏవిస్ అనునతడు డిట్రాయిటు సమీపమున విల్లోరన్ విమానాశ్రయములోనే అద్దెకారుల అంగడి తెరచెను. విమానము దిగినవానికి వెంటనే బండి కావలెనని ఆతడు గ్రహించెను. విమానయానము పెరిగినకొలది ఈ వర్తకమును పెరిగినది.

వర్తకులు అచ్చువేయించిన కరారులో అసలు మెలిక యున్నది. తప్పెవ్వరిదైనను బండి నష్టమునకు అద్దెకు పుచ్చుకొన్నవాడే పూచీ యని అందు వ్రాయబడెను. తొలుత ఈ పూచీకి కొంత మేర యుండెడిది. 1980 తరువాతి సంవత్సరములలో పెద్ద వర్తకులనేకులు దానిని పెంచి, బండి పూర్తివెల వరకు తెచ్చిరి. నిలిపియున్న బండిని మరియొకడు వచ్చి గ్రుద్దిపోయినను, వడగండ్లు పడి కప్పు సొట్టలు పడినను, బిల్లు అద్దెదారునికే. దైవికమైన నష్టమునకు మన స్మృతికారు లిచ్చిన మినహాయింపును ఈ కరారు తుడిచివేసినది.

భయము పుట్టించినవారే దానికి మందును అమ్మిరి. దినమునకింత యిచ్చినచో ఆ నష్టమును మీనుండి వసూలు చేయమని వర్తకు లనిరి. దీనిని కొలిజన్ డామేజి వేవరు అందురు. ఇది బీమా కాదు. నష్టపు మాఫీ మాత్రమే. ఇందు లాభము మెండు. బల్లయొద్ద నిలుచున్న గుమాస్తా, అలసివచ్చిన ప్రయాణికునితో ఈ మాఫీని కొనిపించుటకు పాటుపడెడివాడు. ఫిర్యాదులు మిక్కుటము కాగా ఇల్లినాయి, న్యూయార్కు రాష్ట్రములు 1980-90 దశకపు చివర ఈ అమ్మకమును నిషేధించినవి. న్యూయార్కు 2003లో మరల అనుమతించినది.

ఇక కార్డు సంగతి. 1950లో న్యూయార్కున డైనర్సు క్లబ్బు కార్డు పుట్టినది. 1958లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్సువారు తమ కార్డు నిచ్చిరి. ఆ యేడే బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున 60,000 కార్డులను అడుగకయే ప్రజలకు టపాలో పంపినది. ఆ కార్డే 1976లో వీసా యను పేరు దాల్చెను. 1980 తరువాత బంగారు కార్డులని పేరుపెట్టి, ఎక్కువ చందా వసూలుచేయుచు బ్యాంకులు పోటీపడినవి. చందాదారుని ఆకర్షింపవలెనన్న వానికి నిజముగా బాధ కలిగించు విషయమునందు సహాయము చూపవలెను. అద్దెకారు మాఫీ అట్టి బాధ. కావున కార్డులవారు బీమా కంపెనీలనుండి టోకున పాలసీలు కొని, "మా కార్డుతో అద్దె చెల్లింపుడు, బండి నష్టము మేము చూచుకొందుము" అనిరి. వర్తకుడు దినమునకు 10 మొదలు 30 డాలర్ల వరకు అడుగుదానిని వీరు వేరు రుసుము లేకుండ నిచ్చిరి. ఇది ధర్మము కాదు, వ్యాపారము. ఆ సంగతి మరువనివానికే ఫలము దక్కును.

ఏలయన నిదియును ఒక కరారే. షరతులు సాధారణముగా నాలుగు. అద్దె మొత్తమును ఆ కార్డుతోనే చెల్లింపవలెను. కార్డుదారుని పేరనే బండి తీసికొనవలెను. నడుపువారందరి పేర్లును అద్దెకరారులో నుండవలెను. దారిలో బావమరిది కాసేపు నడుపుదునని కూర్చున్నను వానిపేరు లేనిచో రక్షణ లేదు. నాలుగవది విచిత్రమైనది: వర్తకుడమ్ము మాఫీని వలదనవలెను. రెండును ఉండుట మేలుకదా యని మాఫీని కొన్నచో కార్డు పూచీ తొలగిపోవును. దినముల మేరయు గలదు. వీసా కార్డు లనేకములలో స్వదేశమున 15 దినములు, విదేశమున 31 దినములు. ట్రక్కులకు, మిక్కిలి విలువగల కారులకు వర్తింపదు.

మరియొక భేదము గలదు. పెక్కు కార్డులు ద్వితీయ పూచీదారులు. అనగా అద్దెదారునికి సొంతకారు బీమా యున్నచో మొదట అదియే చెల్లింపవలెను. మిగిలినది కార్డు చెల్లించును. కొన్ని కార్డులు మాత్రమే ప్రథమ పూచీ వహించును. సొంతబీమాను కదలించినచో మరుసటి యేట దాని చందా పెరుగవచ్చును గనుక ఈ భేదము చిన్నది కాదు.

నష్టము జరిగినచో కాగితమే సాక్షి. పోలీసు రిపోర్టు, అద్దెకరారు, కార్డు రశీదు, బండి ఛాయాచిత్రములు, మరమ్మతు బిల్లు సమకూర్చవలెను. బండి మరమ్మతులో నున్న దినములకు తన అద్దె పోయినదని వర్తకుడు అడుగును; ఆ దినములలో తక్కిన బండ్లన్నియు అద్దెకు పోయియున్నవని వాని లెక్కలు చూపినగాని కార్డులవారు దాని నియ్యరు. వీసా పత్రము లనేకములలో 45 దినములలోపల వార్త, 90 దినములలోపల దరఖాస్తు పంపవలెనని యున్నది. వార్త తెలుపవలసినది పాలసీ నడుపువారికి. బ్యాంకునకు చెప్పితిమని ఊరకుండిన చాలదు.

ఇచ్చినవారు తీసికొనవచ్చును. డిస్కవరు కార్డువారు 2018లో ఈ సౌకర్యమును ఎత్తివేసిరి. 2019లో సిటీబ్యాంకు తన కార్డులలో పెక్కింటికి తొలగించినది. నిరుడున్నది గనుక ఏడును ఉండునని తలపరాదు. మన దేశపు కార్డు పట్టుకొని పోవు తల్లిదండ్రులును, అందీ రక్షణ కలదో లేదో పత్రము చదివి తెలిసికొనవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది కడపట చెప్పుచున్నాను. కార్డు పూచీపడునది బండికి మాత్రమే. మన బండి తగిలి మనిషి గాయపడినను, ఎదుటివాని కారు నుగ్గైనను, అది ఒక్క డాలరైన నియ్యదు. మన దేశమున 1939 నాటి మోటారు చట్టమును, దాని స్థానమున వచ్చిన 1988 నాటి చట్టమును మూడవవానికొరకు బీమా తప్పనిసరి చేసినవి. బండికి బీమా మన యిష్టము. అనగా చట్టము మొదట మనిషిని చూచినది. కార్డులవారు మొదట బండిని చూచిరి. అమెరికా వర్తకులు మూడవవానికొరకు చేయు ఏర్పాటు తరచు రాష్ట్రచట్టము కోరిన కనీసపు మొత్తమే. అదియు అన్నిచోట్ల ఒక్కరీతి కాదు. సొంతకారు లేనివానికి సొంతబీమాయు నుండదు. అట్టివాడు వర్తకునియొద్ద బండిమాఫీని వలదని, మూడవవాని బీమాను మాత్రము వేరుగా కొనుట వివేకము. మీ పిల్లలు ఫోనులో "కార్డు చూచుకొనును" అన్నప్పుడు, "బండిని సరే, మనిషి నెవరు చూచుకొందురు?" అని ఒక్కమాట అడుగుడు.