తిరిగే బండికే ఆయుష్షు

ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం చూసే అవకాశం మీకు ఎప్పుడైనా వస్తే, ఆవిరి ఇంజన్లను చూసే సందడిలో పడి ఒక బండిని మాత్రం మరచిపోయి రాకండి. అది రైలు ఇంజను కాదు, మంటలార్పే ఫైరింజను. 1914లో ఇంగ్లండులో జాన్ మోరిస్ అండ్ సన్స్ అనే కంపెనీ తయారుచేసిన ఆ బండి నిజాం రైల్వేలో పనిచేసింది. అంటే ఒకప్పుడది మన హైదరాబాదు సంస్థానపు బండి అన్నమాట. నూరేళ్ళు దాటిన యంత్రాలు మ్యూజియాలలో చాలానే ఉంటాయి. ఈ ఫైరింజను సంగతి వేరు. స్టేట్స్‌మన్ దినపత్రిక 1964లో ఢిల్లీలో ప్రారంభించిన పాతకార్ల ర్యాలీలో అది ఎన్నోసార్లు తన ఇంజనుతో తానే రోడ్డు మీద నడిచింది!

ఇక హైదరాబాదులోనే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళండి. అక్కడ పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఒకటి ఉంది. దానికి ఆర్డరిచ్చినవారు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. కారు రాకముందే, 1911లో ఆయన మరణించారు. 1912 నాటి ఆ కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. వెనుక సీటును సింహాసనంలా అమర్చారు. ఊరేగింపులకు తప్ప బయటికి తీయకపోవడంతో, దశాబ్దాల తరబడి ఉన్నా మొత్తం కొన్ని వందల మైళ్ళు మాత్రమే తిరిగిందని చెబుతారు.

ఒకే సంస్థానం, రెండేళ్ళ తేడాతో తయారైన రెండు బండ్లు. ఒకటి పనికోసం, మరొకటి దర్పం కోసం. ఈ రెండింటిలో బతికి ఉన్న బండి ఏది? ప్రశ్న చిలిపిగా కనిపించవచ్చు. కానీ పాతకార్లను ప్రేమించేవారు దాదాపు నూరేళ్ళుగా వాదించుకుంటున్నది దీని గురించే. కారును దాచుకోవడంలోనా ఆనందం, నడపడంలోనా? రెండూ కలిసి ఎంతకాలం నిలుస్తాయి?

ఈ కథ ఒక ఎర్రజెండాతో మొదలవుతుంది. 1865లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం రోడ్డు మీద తిరిగే ఏ యంత్రశకటమైనా ఊళ్ళలో గంటకు 2 మైళ్ళు, బయట 4 మైళ్ళు మించి పోకూడదు. పైగా ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని దాని ముందు 60 గజాల దూరంలో నడవాలి! చట్టం చేసినవారి మనసులో ఉన్నది బరువైన ఆవిరి యంత్రాలే. పెట్రోలు కారు అప్పటికి పుట్టనే లేదు. 1878లో జెండా నిబంధన సడలినా, మనిషి ముందు నడవడం మాత్రం తప్పలేదు. 1896లో కొత్త చట్టం వచ్చి వేగపరిమితిని గంటకు 14 మైళ్ళకు పెంచింది. (అధికారులు వెంటనే దాన్ని 12కు తగ్గించారనుకోండి!) ఆ చట్టం అమలులోకి వచ్చిన రోజు, 1896 నవంబరు 14న, లండను నుంచి సముద్రతీరంలోని బ్రైటన్‌కు కార్ల యాత్ర ఒకటి బయలుదేరింది. బయలుదేరే ముందు వించిల్సీ ప్రభువు ఒక ఎర్రజెండాను చింపి పారేశాడు. దారి పొడవునా వాన, బురద. బయలుదేరినవాటిలో సుమారు సగం బండ్లే గమ్యం చేరాయి. వాటిలోనూ ఒక విద్యుత్ కారు రైలెక్కి వచ్చి, ఊరి బయట బురద పూసుకుని చేరిందని ఒక కథ ప్రచారంలో ఉంది.

అసలు చిత్రం ఆ తరవాత జరిగింది. 1927 నాటికి కార్లు ఎంతో మారిపోయాయి. మూలనపడ్డ తొలినాటి బండ్లను బయటికి తీసి, అదే దారిలో మళ్ళీ నడిపి చూద్దామన్న సరదా కొందరికి పుట్టింది. అప్పటినుంచి యుద్ధకాలం, పెట్రోలు రేషను రోజులు, 2020 నాటి కోవిడ్ వంటి అంతరాయాలు మినహా ఆ యాత్ర ఏటా నవంబరులో సాగుతోంది. 1905 జనవరి 1కి ముందు తయారైన వాహనాలకే అందులో ప్రవేశం. గెలుపూ ఓటమీ లేవు. దాదాపు 60 మైళ్ళు నడిచి బ్రైటన్ చేరితే చాలు. నా దృష్టిలో ఈ నియమంలోనే అసలు తెలివి ఉంది. పందెం పెట్టి ఉంటే ఆ ముసలి ఇంజన్లు ఏనాడో పగిలిపోయేవి. అద్దాల గదిలో పెట్టి ఉంటే వాటిని నడిపే విద్యే అంతరించేది.

విద్య అన్నానంటే, అది నిజంగా విద్యే. నేటి కారులో గేరు మార్చడం చిటికెలో పని. ఆనాడు అలా కాదు. గేర్‌బాక్సులో రెండు పళ్ళచక్రాలు కలవాలంటే వాటి అంచుల వేగాలు సమానంగా ఉండాలి. లేకపోతే పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుని కరకరమని మొరాయిస్తాయి. కింది గేరు వేయాలంటే డ్రైవరు ముందు క్లచ్ నొక్కి బండిని న్యూట్రల్‌లోకి తేవాలి. క్లచ్ వదిలి, యాక్సిలరేటరును కొద్దిగా తొక్కి, ఇంజను వేగంతోపాటు లోపలి చక్రాల వేగం పెంచాలి. మళ్ళీ క్లచ్ నొక్కి అప్పుడు గేరు వేయాలి. దీన్నే డబుల్ డీక్లచింగ్ అంటారు. ఎంత తొక్కాలో చెప్పే మీటరేదీ ఉండదు. ఇంజను శబ్దాన్ని బట్టి చెవే చెప్పాలి. ఈ పని తనంతట తాను చేసే సింక్రోమెష్ అనే ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. మన తొలి అంబాసిడర్లలో సైతం మొదటి గేరుకు ఆ సదుపాయం లేదు. ఎత్తుమీద బండి ఆగిపోకుండా మొదటి గేరు వేయగలిగిన డ్రైవరును పక్కవాళ్ళు గౌరవంగా చూసేది అందుకే!

1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు మోడల్ టి కారు సంగతి చూడండి. దాని స్టీరింగు కింద స్పార్కును ముందుకూ వెనక్కూ జరిపే మీట ఒకటి ఉండేది. సిలిండరులో ఇంధనం మండడానికి కొంత సమయం పడుతుంది కదా! ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ సమయం చాలదు. అందుకని నిప్పురవ్వ మరికాస్త ముందే పుట్టాలి. ఈ లెక్కంతా డ్రైవరు చేతివేళ్ళలోనే ఉండేది. హ్యాండిల్ కొట్టి స్టార్టు చేసేటప్పుడు మీటను వెనక్కి జరపడం మరచిపోతే, ఇంజను ఎదురుతన్ని మణికట్టు విరిగేది. ఇంత కష్టంలో ఆనందమేమిటని అడుగుతారేమో. సైకిలు తొక్కడం నేర్చుకున్న మొదటి రోజు గుర్తుచేసుకోండి. యంత్రం పనిలో మనకూ వాటా ఉన్నప్పుడు కలిగే తృప్తి అది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. షెడ్డులో దుప్పటి కప్పి ఉంచితే కారు భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. రసాయనశాస్త్రం అందుకు ఒప్పుకోదు. పెట్రోలు నెలల తరబడి నిలవుంటే అందులోని కొన్ని హైడ్రోకార్బన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంకగా మారతాయి. ఆ బంక కార్బురేటరులోని సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. బ్యాటరీ తనంతట తానే డిశ్చార్జి అవుతుంది. పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ చార్జింగును తీసుకోదు. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. ఆ తేమతో లోపలి సిలిండర్లు తుప్పుపడతాయి, నూనె మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గిపోతుంది. రబ్బరు సీళ్ళు ఎండి పగులుతాయి. ఒకేచోట బరువు మోసి టైర్లు చదునవుతాయి.

"అయితే వారానికోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్టు చేస్తే సరి" అనేవారున్నారు. అది మరీ హాని! లెక్క వేసి చూడండి. పెట్రోలులోని హైడ్రోజన్ మండితే నీరు పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే వచ్చే నీరు కూడా సుమారు లీటరే. ఇంజను బాగా వేడెక్కితే అది ఆవిరిగా పొగగొట్టం గుండా పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సరులోనూ, ఇంజను ఆయిలులోనూ దిగబడి, లోపలినుంచి తుప్పు మొదలుపెడుతుంది. అరగంటసేపు రోడ్డు మీద తిప్పితే ఆయిలు కాగి, తేమ ఆవిరైపోయి, సీళ్ళన్నీ తడిసి, బ్రేకులు కదిలి బండి తేరుకుంటుంది. ఆనందం కోసం నడిపితే ఆరోగ్యం కూడా దక్కుతుందన్నమాట.

మ్యూజియంవారి వాదనలో న్యాయం లేదని కాదు. నడిపినకొద్దీ అసలు లోహం అరిగిపోతుంది. అరిగినదల్లా మారుస్తూ పోతే చివరికి అది పాత కారేనా? ఈ ప్రశ్న 1990లో లండను హైకోర్టు దాకా వెళ్ళింది. 1929లోనూ, 1930లోనూ లమాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ కారును 'ఓల్డ్ నంబర్ వన్' అంటారు. దాన్ని కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్న సంస్థ తరవాత వెనక్కి తగ్గింది. ఇంజను మారింది, పైభాగం మారింది, ఒక ఘోర ప్రమాదం తరవాత తిరిగి కట్టారు, కాబట్టి ఇది అసలు కారు కాదని వాదించింది. న్యాయమూర్తి అంగీకరించలేదు. భాగాలు మారినా ఆ కారు చరిత్ర ఎక్కడా తెగలేదు, ఒకే కారుగా బతుకుతూ వచ్చింది, కనుక ఆ పేరుకు అదే అర్హమైనది అని తీర్పు చెప్పారు. 2012లో అంతర్జాతీయ పాతవాహనాల సమాఖ్య ఆమోదించిన టూరిన్ పత్రం సైతం వాహనాలను కాపాడడంతోపాటు రోడ్డు మీద వాటి వాడకాన్నీ గుర్తించింది.

మన దేశంలో ఈ ప్రశ్న సంపన్నుల షెడ్లకే పరిమితం కాలేదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారే 1950ల చివర ఇక్కడ హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడరుగా అవతరించింది. కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో 2014 మే వరకు తయారైంది. ఒకే రూపం అర్ధశతాబ్దికి పైగా సాగడాన్ని చాలామంది ఎగతాళి చేశారు. అందులో నిజముంది, పోటీలేని రోజులలో కంపెనీలకు మారే అవసరమే రాలేదు. కానీ దానివల్ల తెలియకుండానే ఒక మేలు జరిగింది. ఊరూరా మెకానిక్ షెడ్లలో ఆ కారు నాడి తెలిసినవారు తయారయ్యారు. ప్లాటినం పాయింట్ల మధ్య సందును పోస్టుకార్డు మందంతో సరిచేసేవారు, లేతు మీద బుష్షు తిప్పి ఇచ్చేవారు, టింకరింగు పనిలో రేకును సుత్తితో తీర్చిదిద్దేవారు... బడిలో ఇంజనీరింగు చదవని ఇంజనీర్లు వాళ్ళు. బొంబాయి వీధులలో ప్రీమియర్ పద్మిని టాక్సీలను అన్నేళ్ళు నడిపించింది కూడా అలాంటి చేతులే. టాక్సీలకు అక్కడ 20 ఏళ్ళ పరిమితి ఉండడంతో 2023 అక్టోబరు చివర ఆఖరి పద్మిని టాక్సీ సెలవు తీసుకుంది.

ఇంధనం కూడా మారుతూ వస్తోంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలపని పెట్రోలే అమ్మాలన్నారు. మన ఊపిరితిత్తులకూ పిల్లల మెదళ్ళకూ అది గొప్ప మేలు. పాత ఇంజన్లకు మాత్రం చిక్కు వచ్చింది. సీసపు పొర వాటి వాల్వు సీట్లకు మెత్తలా పనిచేసేది. గట్టి ఉక్కు సీట్లు బిగించి ఆ చిక్కును తప్పించుకున్నారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది. అది తేమను పట్టుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. గొట్టాలూ సీళ్ళూ కొత్తరకానివి వేయించుకోవలసిందే.

2021లో కేంద్రప్రభుత్వం పాతవాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, చాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న కార్లకు, ద్విచక్రవాహనాలకు 'విఏ' అనే అక్షరాలున్న నంబరు ఇస్తారు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చు. రోజువారీ ప్రయాణాలకు మాత్రం వీల్లేదు. ఇది కొంత కఠినమని కారు యజమానులకు అనిపించవచ్చు. నాకైతే న్యాయమైన ఒప్పందమే అనిపిస్తుంది. మన నగరాలలో కొత్త కార్లకు పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్లు రావడం మొదలైందే 1995లో. అంతకు ముందటి కారు వదిలే పొగ ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్ల మేరకైతే ఊరు భరించగలదు. రోజూ ఆఫీసుకు వెళ్ళివస్తే భరించలేదు.

ఇక్కడ ఒక చిక్కు మిగిలిపోయింది. 2014లో ఉత్తరపాడా నుంచి వచ్చిన ఆఖరి అంబాసిడరుకు 50 ఏళ్ళు నిండేది 2064లో. వ్యక్తిగత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే చెల్లుతుంది కాబట్టి, దాని యజమాని 2029లో మొదటిసారి ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకువెళ్ళాలి, ఆ పైన ఐదేళ్ళకోసారి. అప్పటికి విడిభాగాలు దొరకాలి, వాటిని బిగించే చేతులు ఉండాలి. అంబాసిడరు ఇంజను విప్పి బిగించిన మెకానిక్ మీ ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా ఉంటే, ఒక ఆదివారం ఆ షెడ్డు దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చోండి. పాయింట్లు ఎలా సరిచేస్తారో చూపించమని అడగండి.