గిలక్కాయ చరిత్ర

ధర్మపురికి పూర్వనామం తకడూరు. సంగమకాలంలో అదియమాన్ నెడుమాన్ అంజి ఇక్కడినుండి రాజ్యమేలినాడు. ఆయనకు ఆప్తురాలు కవయిత్రి అవ్వైయార్. అర్థం తెలియని పసిపలుకులు తండ్రికి ముద్దయినట్లే తన పలుకులూ రాజుకు ప్రియమైనవన్న భావంతో ఆమె చెప్పిన పద్యం పురనానూరులో ఉన్నది. కోటలూ కత్తులూ మాత్రమే చరిత్ర అనుకునేవారు గమనించవలసిన సంగతి ఇది. పసిబిడ్డ నోటిమాటకు ఈ సీమ రాజసభలో అంతటి గౌరవం దక్కినది.

ఆ మాట రాకముందు బిడ్డ చేసే పనులు నాలుగు: చూడడం, వినడం, పట్టుకోవడం, నోట పెట్టుకోవడం. వీటికి తోడుగా పెద్దలు కల్పించినవే ఆటవస్తువులు. సింధులోయ పట్టణాల తవ్వకాలలో సుమారు 4,500 ఏండ్లనాటి మట్టి గిలకలు దొరికినవి. బోలుగా ఉన్న గుండ్రని బంతి, లోపల చిన్న మట్టి ఉండలు, అంతే. పట్టినప్పాలై అనే తమిళ కావ్యంలో కావిరిపూంపట్టణపు పిల్లలు గుర్రాలు లేని మూడుచక్రాల చిన్నరథాన్ని దొర్లిస్తారు. తరువాతి కాలపు పిళ్లైత్తమిళ్ ప్రబంధాలు బాల్యాన్ని పది దశలు చేసినవి. బిడ్డ తల ఎత్తి ఆడడం ఒక దశ, చప్పట్లు కొట్టడం మరొకటి; మగపిల్లల విషయంలో చిన్నడప్పు మ్రోగించడం, చిన్నరథం లాగడం కూడా దశలే. ఏ ఈడుకు ఏ ఆట అన్న క్రమం మన పూర్వులకు బాగా తెలుసుననడానికి ఇంతకన్న సాక్ష్యం ఏమి కావాలి?

తెలుగుదేశంలో ఈ విద్యకు పుట్టిల్లు వరాహానది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. తరిణె మీద అంకుడు కర్రను తిప్పుతూ లక్కను అదిమితే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. మైసూరు దారిలోని చెన్నపట్నం బొమ్మలకూ ఇదే చెట్టు ఆధారం. కన్నడిగులు దానిని ఆలె మర అంటారు. బిడ్డ ప్రతి వస్తువునూ నోట పెట్టుకుంటుంది కనుక రంగు విషయంలో జాగ్రత్త అవసరం. సీసం కలిసిన రంగులు లేత మెదడుకు చేటు. మొక్కలనుండి తీసిన రంగులను ఏటికొప్పాకలో మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది.

నేటి శాస్త్రజ్ఞులు చెప్పేదీ వినదగినదే. అప్పుడే పుట్టిన బిడ్డకు సుమారు 20 నుండి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది మాత్రమే కాస్త స్పష్టంగా కనబడుతుంది. అంటే ఒడిలోని బిడ్డకు తల్లి ముఖమే మొదటి బొమ్మ! చెవి సంగతి ఇంకా విచిత్రం. కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు 1984లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లీషు ఇండ్ల శిశువులు ఆరేడు నెలల ఈడులో హిందీ త, ట ధ్వనుల భేదాన్ని గుర్తించినారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలావరకు సడలిపోయినది. సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం 2003లో మరొక సంగతి తేల్చినది. తొమ్మిది నెలల అమెరికా శిశువులు, ఎదుట కూర్చుండి ఆడించిన మనిషినుండి చైనా భాషాధ్వనులను గ్రహించినారు. అవే మాటలు తెరమీద చూపినప్పుడు, యంత్రంలో వినిపించినప్పుడు గ్రహించలేదు.

ప్రవాసాంధ్రులమైన మనకు ఇందులో పెద్ద పాఠమున్నది. మనం గిలక అన్నదానిని పొరుగువారు కిలుకిలుప్పై అంటారు. బిడ్డకు రెండూ రావలసినవే. తమిళం బడిలో, బజారులో, పొరుగింటి అరుగుమీద తప్పక వస్తుంది. తెలుగుకు ఇక్కడ ఇల్లు తప్ప వేరే బడి ఎన్ని చోట్ల ఉన్నది? ఉయ్యాలమీద బ్యాటరీతో పాడే బొమ్మ వ్రేలాడగట్టి మనం పక్కగదిలో కూర్చుంటే, చప్పుడు వినబడుతుందే కాని భాష అబ్బదు. గిలక ఆడించే చేయి, దానితోపాటు తెలుగు పలికే నోరు ఒకరివే కావలెను.

ఈ ఉగాదికి పసిబిడ్డలున్న ఇంటికి వెళ్లే బంధుమిత్రులు ఒక కర్ర గిలక తీసికొనిపోండి. అది ఇచ్చి ఊరకే రాకుండా, బిడ్డను ఒడిలోకి తీసికొని కాసేపు తెలుగులో ముచ్చటలాడి రండి.