లేని మనిషి నాటిన చెట్లు

2025 వేసవి సెలవులలో మా మేనకోడలు మా ఇంట ఇరవై రోజులు ఉండి వెళ్ళింది. ఏడవ తరగతి ముగించి ఎనిమిదిలో అడుగుపెట్టబోతున్న పిల్ల. ఒక రాత్రి కరెంటు పోతే డాబా మీద పక్కలు వేసుకున్నాము. ఏదైనా కథ చెప్పమంటే, ఎన్నడో చదివిన ఒక ఫ్రెంచి కథను నాకు వచ్చిన తెలుగులో చెప్పాను.

బోడి కొండల నడుమ ఒక గొర్రెల కాపరి ఒంటరిగా బ్రతుకుతుంటాడు. భార్యా, ఒక్కగానొక్క కొడుకూ పోయినవాడు. ప్రతిరాత్రీ దీపం ముందు కూర్చొని ఓక్ గింజలలో మంచివి నూరు ఏరుకుంటాడు. మరునాడు వాటిని నీటిలో ముంచి తీసుకుపోయి, ఇనుపకడ్డీతో నేలను గుచ్చి ఒక్కొక్కటే నాటుతాడు. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చి పోతాయి. అతడు నాటుతూనే ఉంటాడు. ముప్పై ఏళ్ళు గడిచేసరికి కొండలు అడవులవుతాయి, ఎండిన వాగులు పారుతాయి, పాడుపడిన ఊళ్ళకు జనం తిరిగివస్తారు.

కథ ముగిశాక ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మామయ్యా, ఆ తాత నిజంగా ఉన్నాడా?" అని అడిగింది.

ఉన్నాడని చెప్పడం ఎంతో సులువు. కానీ చీకటిలో కూడా ఆమె నా ముఖం వంకే చూస్తున్నట్లు తోచింది. "లేడమ్మా, రచయిత కల్పించాడు" అన్నాను. "అయితే అబద్ధమన్నమాట" అని అటు తిరిగి పడుకున్నది.

నాకు నిద్ర పట్టలేదు. చిన్న తరగతుల పిల్లలకు కుందేలు మాట్లాడితే చాలు, అది ఏ అడవి కుందేలని అడగరు. ఆరు మొదలు ఎనిమిది వరకు చదివే పిల్లల సంగతి వేరు. కథ మీద ఇష్టం ఇంకా పోలేదు, నిజం మీద పట్టుదల అప్పుడే పుట్టింది. పర్యావరణాన్ని కథల ద్వారా బోధించదలచిన వారందరూ ఈ వయస్సు పిల్లల ప్రశ్నకు ఏదో ఒకనాడు జవాబు చెప్పుకోవలసినవారే. పిల్లల చేతికి వెళ్ళిన మూడు రచనల చరిత్ర చూస్తే ఆ జవాబు ఎంత చిక్కుగా ఉంటుందో తెలుస్తుంది.

మొదటిది నేను చెప్పిన కథే. వ్రాసినవాడు జాఁ జియోనో (1895-1970). దక్షిణ ఫ్రాన్సులోని మనోస్క్ అతడి ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెర్డున్ నరకాన్ని చూసి, ఆపై జీవితాంతం యుద్ధాన్ని ద్వేషించిన మనిషి. 1953లో అమెరికా పత్రిక రీడర్స్ డైజెస్ట్, మీరెరిగిన వారిలో మరపురాని మనిషిని గురించి వ్రాయమని అడిగితే, ఎల్జెయార్ బుఫియే అనే గొర్రెల కాపరి కథ వ్రాసి పంపాడు. పత్రికవారు మొదట సంతోషించారు. తరువాత విచారణ చేయించారు. బుఫియే 1947లో బనోఁ అనే ఊరి ఆశ్రమంలో మరణించాడని కథలో ఉన్నది. అక్కడ అటువంటివాడెవడూ చనిపోలేదని తేలింది. రచన తిరిగివచ్చింది. జియోనో హక్కులు వదలుకొని, కావలసినవారు వేసుకోండన్నాడు. 1954లో అది వోగ్ అనే ఫ్యాషను పత్రికలో వెలువడి, అక్కడినుండి అనేక భాషలలోకి ప్రయాణం చేసింది. 1987లో ఫ్రెడెరిక్ బాక్ కెనడాలో తీసిన బొమ్మల చిత్రానికి మరుసటి ఏడు ఆస్కార్ బహుమతి వచ్చింది.

1957లో ఒక అటవీ అధికారి బుఫియేను గురించి వివరాలు అడిగితే, జియోనో ఉన్నమాట ఒప్పుకున్నాడు. ఆ మనిషి కల్పితుడేననీ, చెట్ల మీద, అంతకంటె చెట్లు నాటడం మీద, ప్రేమ కలిగించడమే తన ఉద్దేశమనీ జవాబు వ్రాశాడు. తాను మిక్కిలి గర్వపడే రచనలలో అదొకటని కూడా అన్నాడు.

మనిషి లేడు సరే, మరి ఆ కొండల మీద అడవులు ఉన్నాయా? ఉన్నాయి. చరిత్ర ఇక్కడే ఆసక్తికరంగా మారుతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో దక్షిణ ఆల్ప్స్ కొండలు మితిమీరిన మేత వల్లా, నరకడం వల్లా బోడివయ్యాయి. వానకు మట్టి కొట్టుకుపోయి దిగువ ఊళ్ళను వరదలు ముంచెత్తేవి. ఫ్రెంచి ప్రభుత్వం 1860లోను, 1882లోను చట్టాలు చేసి కొండవాలుల మీద చెట్లు నాటించింది. మేతభూములు పోతాయని ఆ చట్టాలను ఎదిరించినవారిలో గొర్రెల కాపరులే ముందున్నారు. తరువాతి కాలంలో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ జనం కొండ ఊళ్ళు విడిచిపోతే, వారు వదలిన పొలాలలోకి అడవి తనంతట తానే ప్రాకింది. అంటే చరిత్రలో అడవి పెరగడానికి ఒక కారణం ఊరు ఖాళీ కావడం. కథలో అడవి పెరిగితే ఊరు నిండుతుంది. చట్టం, నౌకరీ, కూలి, తగాదా, వలస, వీటన్నిటినీ తీసివేసి జియోనో ఒక్క మౌని చేతిలో ఇనుపకడ్డీ పెట్టాడు. తగాదా సంగతి మాత్రం అతడు ఎరుగును. మొలకలను తినివేస్తున్నాయని బుఫియే నాలుగు గొర్రెలను ఉంచుకొని మిగిలినవి వదిలించుకొంటాడు, వాటికి బదులు తేనెటీగలను పెంచుతాడు.

రెండవ రచనది మరీ విచిత్రమైన చరిత్ర. ఇక్కడ మనిషి నిజం, మాటలు కల్పితం. అమెరికా వాయవ్య తీరంలో సుక్వామిష్, దువామిష్ ప్రజల నాయకుడు సియాటిల్. ఈనాటి సియాటిల్ నగరానికి ఆయన పేరే పెట్టారు. తెల్లవారు భూమి కొనబోయినప్పుడు 1854 ప్రాంతంలో ఆయన ఒక ఉపన్యాసం చేశాడని చెబుతారు. ఆయన మాట్లాడినది తన ప్రజల భాషలో. దానిని హెన్రీ స్మిత్ అనే వైద్యుడు ఇంగ్లీషులో ప్రకటించినది 1887లో, ముప్పై మూడేళ్ళ తరువాత. మనం పర్యావరణ దినోత్సవాలలో వినే ఉపన్యాసం అది కూడా కాదు. 1972లో వచ్చిన హోమ్ అనే చిత్రం కోసం టెడ్ పెర్రీ అనే రచయిత, పాత ఉపన్యాసం స్ఫూర్తితో స్వయంగా వ్రాసిన మాటలు అవి. చిత్రంలో ఆయన పేరు వేయకపోవడంతో అవి సాక్షాత్తు సియాటిల్ మాటలుగా లోకమంతా తిరిగాయి. 1991లో సూసన్ జెఫర్స్ ఆ మాటలకు బొమ్మలు వేసి పిల్లల పుస్తకంగా తెచ్చింది. అది విరివిగా అమ్ముడుపోయింది, మరుసటి ఏడే న్యూయార్క్ టైమ్స్ ఈ గుట్టు మొదటి పేజీలో విప్పింది.

గుట్టు తెలుసుకోవడానికి ఏడవ తరగతి సాంఘికశాస్త్రం చాలు. ఆ మాటలలో వక్త, రైలులోంచి తెల్లవారు కాల్చి చంపిన వేలాది అడవిదున్నలను చూశానంటాడు. ఆ తీరంలో అడవిదున్నలు లేవు. ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయినది 1869లో. సియాటిల్ మరణించినది 1866లో.

మొదటి కల్పనను నేను క్షమించగలను. రెండవ దానితో నా మనస్సు రాజీపడదు. జియోనో లేని మనిషిని పుట్టించాడు, ఎవరి నోటినీ మూయలేదు. ఇక్కడ ఉన్న మనిషి నోటిలో వేరొకరి మాటలు పెట్టడంతో ఆయన అసలు బాధ కనుమరుగయింది. స్మిత్ ప్రకటించిన పాఠంలో ప్రధానమైనది ప్రకృతి వర్ణన కాదు, తగ్గిపోతున్న తన జాతి గురించిన దుఃఖం, ఆ నేలలో ఉన్న పూర్వీకుల సమాధుల గురించిన మాట. చెట్టు కోసం మనిషిని మరచిపోవడం నేర్పే పాఠం మంచి పాఠం కాజాలదు.

మూడవది డాక్టర్ స్యూస్ 1971లో వ్రాసిన ద లోరాక్స్. ఊహాజగత్తులోని చెట్లు, వాటిని నరికి వస్త్రాలు అల్లే ఒక వ్యాపారి, చెట్ల తరఫున మాట్లాడే లోరాక్స్ అనే చిన్న ప్రాణి, ఇదంతా కల్పనే. కానీ అందులో ఒకచోట నిజమైన పేరు ఒకటి పడింది. చేపలు బ్రతకలేని నీటిని గురించి చెబుతూ, ఈరీ సరస్సు స్థితి కూడా అంతే చెడ్డదని ఎత్తిపొడిచాడు. ఆనాడు అది నిజం. ఆ సరస్సులో కలిసే కయహోగా నది మీద తేలే చమురుకు 1969లో నిప్పంటుకున్నది. ఆ తరువాత చట్టాలు, ఒప్పందాలు వచ్చి సరస్సు కోలుకున్నది. ఎనభైలలో ఒహాయో నుండి ఇద్దరు, సరస్సు బాగుపడింది కదా, ఆ మాట తీసివేయరాదా అని స్యూస్‌కు వ్రాశారు. ఆయన ఒప్పుకున్నాడు. తరువాతి ముద్రణలలో ఆ పంక్తి లేదు.

కథ అక్కడితో ముగిస్తే ఎంత బాగుండును! పొలాలలోని ఎరువులు కొట్టుకువచ్చి సరస్సులో విషపు నాచు మళ్ళీ పెరిగింది. 2014 ఆగస్టులో టొలీడో నగర ప్రాంతంలో సుమారు అయిదు లక్షల మందిని కుళాయి నీళ్ళు త్రాగవద్దన్నారు. స్యూస్ 1991లోనే పోయాడు, పంక్తిని మళ్ళీ చేర్చేవారు లేరు. పంక్తి వ్రాసినప్పుడూ నిజమే, తీసివేసినప్పుడూ నిజమే. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలునని నా అభిప్రాయం. నీరు చెడడం ఎంత నిజమో బాగుపడడం అంత నిజం, బాగుపడినది మళ్ళీ చెడడం కూడా అంతే నిజం.

ఇక మన బడుల సంగతి. కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ 1950లో వనమహోత్సవం మొదలుపెట్టాడు. ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న, పర్యావరణాన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. ఉత్సవమూ ఉన్నది, పాఠమూ ఉన్నది. నేను చదివిన బడిలో ఏటా జులైలో మొక్క నాటేవాళ్ళం. ఏటా అదే గుంట. వేసవికి మొక్క ఎండేది, జులైకి గుంట సిద్ధంగా ఉండేది. క్రొత్తది త్రవ్వే శ్రమ లేదని మేము సంతోషించేవాళ్ళం. మాకు చెప్పిన కథలలోనూ నాటిన ప్రతి మొక్కా మహావృక్షమయ్యేది.

లేని బుఫియే కథలో అలా జరగదు. మరునాడు ఉదయం కాఫీల వేళ మేనకోడలికి ఇదే చూపించాను. మూడేళ్ళలో అతడు లక్ష గింజలు నాటాడని కథలో ఉన్నది. మొలిచినవి ఇరవై వేలు. వాటిలోనూ సగం పోతాయని, పదివేలు మిగిలితే చాలునని అతడి లెక్క. మరొక ఏడు పదివేలకు పైగా మేపుల్ మొక్కలు నాటితే ఒక్కటీ బ్రతకలేదు. ఆ పిల్ల కాగితం తీసుకొని రోజుకు నూరు చొప్పున మూడేళ్ళకు 1,09,500 అని గుణించింది. "మధ్య మధ్య జ్వరం వచ్చి ఉంటుంది, లక్ష సరిపోతుంది" అన్నది. ముందురాత్రి అబద్ధమని త్రోసివేసిన మనిషికి పొద్దున జ్వరం కూడా తెప్పించింది!

అప్పుడు ఉన్న మనిషి గురించి చెప్పాను. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యగారు, 2017లో పద్మశ్రీ అందుకున్నవారు, ఆ ఏప్రిల్ 12ననే కన్నుమూశారు. ఆయన కోటికి పైగా మొక్కలు పెంచారని పత్రికలు వ్రాశాయి. పిల్ల మళ్ళీ కాగితం మీద పడింది. యాభై ఏళ్ళనుకుంటే రోజుకు దాదాపు 548. "మొక్కలైతే కష్టం మామయ్యా, గింజలు చల్లితే కుదురుతుంది" అన్నది. రామయ్యగారు జేబులనిండా గింజలు పోసుకొని తిరిగేవారని అప్పటికి నేనామెకు చెప్పలేదు. ఆయన మీద ఆమెకు గౌరవం తగ్గలేదు. లెక్క వేసిన తరువాతే ఆ కోటి అంటే ఎంతో ఆమెకు తెలిసింది.

"నిజమా?" అన్న ప్రశ్నను అందుకే మనం భయపడి దాటవేయకూడదు. కథ కథేనని చెప్పి, అందులోని లెక్కను నిజంతో సరిచూడమనవచ్చు. ఎవరి మాటలు ఎవరివో చెప్పి, అసలు మాటలు వెతకమనవచ్చు. పాతబడిన నిజాన్ని ఈనాటి నీటి దగ్గర నిలబెట్టి చూడమనవచ్చు. ప్రేమ కథ వల్ల పుడుతుంది, నిజమే. అబద్ధమని తెలిసిన నాడు అది నిలవాలంటే, ఆ ముక్క ముందుగా మనమే చెప్పి ఉండాలి.

జులైలో ఆమె ఫోను చేసింది. బడిలో మొక్కలు నాటించారట. నిరుడు నాటినవి ఎన్ని బ్రతికాయని మాస్టారిని అడిగితే తెలియదన్నారట. నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి తానే ప్రహరీ వెంట తిరిగి లెక్కపెట్టిందట.

"నలభైలో తొమ్మిది, మామయ్యా. ఆ తాత కంటే మనమే నయం" అన్నది.