కరువు లేని ఏడు కరువు పని

2020 ఎండాకాలం. బడులు మూతపడ్డాయి, జీతాలు ఆగిపోయాయి. మార్చి నెల దాకా సుద్దముక్క పట్టిన ప్రైవేటు టీచర్లు గడ్డపార, తట్ట పట్టుకొని పూడిక తీస్తున్న ఫొటోలు ఆ వేసవిలో తెలంగాణ పత్రికల్లో తరచూ కనిపించాయి. పని మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం కింద. అంత పొడుగు పేరు కాగితాల మీదే. పొద్దున్నే తట్ట పట్టుకొని పోతున్న మనిషిని ‘యాడికి?’ అని అడిగితే సూర్యాపేట పల్లెల్లో వచ్చే జవాబు ఒక్కటే: ‘కరువు పనికి’.

చిత్రమేమంటే ఆ ఏడు కరువే లేదు. అంతకుముందు వానాకాలంలో నాగార్జునసాగర్ నిండింది. మిర్యాలగూడ, కోదాడ వైపు ఎడమ కాలువ కింద యాసంగి వరి విరగపండింది. చేనులో గింజలున్నాయి, చేతిలో పైసలు లేవు. అయినా జనం నోట పాత మాటే వచ్చింది. ఆ మాట వయసు ఉపాధి హామీ చట్టం కంటే చాలా ఎక్కువ.

1876లో మొదలైన ధాత కరువు దక్షిణాదిని ఊడ్చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి కూలి ఇవ్వాలన్నది ప్రభుత్వ పద్ధతి. ఖర్చు తగ్గించే బాధ్యత మీద కలకత్తా నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని కోశాడు. మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. ఆ తిండితో ఆ పని చేయిస్తే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఎదురు తిరిగాడు. నెలల తరబడి ఇద్దరి మధ్యా కాగితాల యుద్ధం సాగాక కూలి పెరిగింది. అప్పటికే శిబిరాల్లో ఎందరో పోయారు. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే బకింగ్‌హాం కాలువ ముక్క ఆ కరువు కూలీల చేతుల మీదనే తయారైంది. 1880లో కరువు కమిషన్ నివేదిక, ఆ తర్వాత కరువు కోడ్‌లు వచ్చాయి. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, కూలి ఎంత, పని చేయలేని ముసలివాళ్లకు, పిల్లలకు ఏం పెట్టాలి అన్నవి రాతలోకి ఎక్కాయి. దయ కాస్తా నియమం కావడం అక్కడ మొదలైంది. మొదలైందంతే.

కృష్ణకు ఇవతలి ఒడ్డున, అప్పట్లో సూర్యాపేట కూడా ఉన్న నల్లగొండ జిల్లా నిజాం రాజ్యం. 1929లో ప్రపంచ మాంద్యం వచ్చినప్పుడు ఈ జిల్లా రైతుకు న్యూయార్క్ పేరు తెలియకపోవచ్చు గానీ దెబ్బ మాత్రం తగిలింది. పంటల ధర పడిపోయింది, శిస్తు తగ్గలేదు. అంతకుముందు బస్తా అమ్మి కట్టిన శిస్తుకు ఇప్పుడు ఇంకా ఎక్కువ ధాన్యం తూచాలి. షావుకారు దగ్గర అప్పు, దాని మీద నాగు వడ్డీ, చివరికి భూమి చేతులు మారడం. మాంద్యపు సంవత్సరాల్లో తెలంగాణలో సాగుచేసే వాడి చేతి నుంచి భూమి జారిపోవడం జోరందుకుంది.

అమెరికాలో 1933లో రూజ్‌వెల్ట్ యువకులను అడవుల్లో మొక్కలు నాటే పనిలో పెట్టాడు. 1935లో మొదలైన డబ్ల్యూపీఏ అనే ఉపాధి పథకం ఎనిమిదేళ్లలో దాదాపు 85 లక్షల మందికి కూలి ఇచ్చి రోడ్లు, బడులు, వంతెనలు కట్టించింది. అదే కాలంలో సూర్యాపేట తాలూకాలో పనికి కొదవ లేదు, కూలి మాత్రం లేదు. ఆ పని పేరు వెట్టి. దొర గడీకి కట్టెలు మోయాలి, అధికారి వస్తే బండి కట్టాలి, దొర పొలం తడిశాకే తన పొలం తడుపుకోవాలి. ఈ తాలూకాలోనే ఎర్రపహాడ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య రాశారు. ఊరికి పని ఇవ్వగలిగింది ఎవరంటే ఆయనలాంటి వాళ్లే, అదీ ఉచితంగా చేయించుకునేందుకు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో, 1931లో ఈ జిల్లా దేవరకొండలోనే సమావేశమైంది. మొదట అర్జీలుగా ఉన్న మాట 1946 నాటికి తుపాకీ పట్టింది. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు సాయుధ పోరాటానికి గుండెకాయ అయ్యాయంటే దానికి వేళ్లు మాంద్యపు రోజుల్లోనూ ఉన్నాయి.

నిజాం కాలంలో పెద్ద పనులే జరగలేదని కాదు. మంజీరపై నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కానీ అది నిజామాబాద్ వైపు.

నల్లగొండకు కూలి, నీళ్లు రెండూ తెచ్చింది మాత్రం 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్. యంత్రాలకు విదేశీ మారకం లేదు, మనుషులకు కొదవ లేదు. అందుకే కాంక్రీటు బదులు రాతి కట్టడాన్ని ఎంచుకొని వేలాది మంది తలల మీదుగా రాయిని పైకి ఎక్కించారు. ఆ కూలీల్లో పాలమూరు వాళ్లు ఎందరో. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన మేర మిర్యాలగూడ రైస్‌మిల్లుల పట్నమైంది, కోదాడ వరి ఊరైంది. తుంగతుర్తి వైపు మెట్ట మాత్రం చాలాకాలం మెట్టగానే ఉండిపోయింది. ‘కరువు పని’ అన్న మాట పదునుగా బతికింది ఆ మెట్టలోనే.

ఆ తర్వాత పథకాల పేర్లు మారుతూ పోయాయి. 1977లో పనికి ఆహారం, 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన, 2001 కరువులో మళ్లీ పనికి ఆహారం. బియ్యం వచ్చాయి, పనులూ జరిగాయి. కాంట్రాక్టరూ వచ్చాడు, అతని వెంట పొక్లెయినూ వచ్చింది. వందమంది మోయాల్సిన మట్టిని యంత్రం ఎత్తిపోస్తే కాగితం మీద వందమంది పేర్లు కనిపించడం అప్పటి మామూలు ఫిర్యాదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ దీనికి అడ్డుకట్ట వేసింది. మొదటి విడత 200 జిల్లాల్లో నల్లగొండ ఒకటి. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి, ఐదు కిలోమీటర్లు దాటితే పది శాతం అదనం, కాంట్రాక్టర్లకు చోటు లేదు. టెంపుల్ కోసిన కూలికీ దీనికీ అసలు తేడా డబ్బు మొత్తంలో లేదు. ఇక్కడ కూలి మనిషి చేతిలో జాబ్ కార్డు ఉంది. సామాజిక తనిఖీలో మస్టరు రోలును, అంటే కూలీల హాజరు పట్టీని, గ్రామసభలో చదివి వినిపించడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాతుకుపోయిన ఆచారం. చనిపోయిన మనిషి పేరు మస్టరులో పలికితే జనంలోంచి నవ్వు వస్తుంది, తర్వాత కోపం వస్తుంది.

ఇక 2020. మార్చి ఆఖరులో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ అయి, కోదాడ దాటిన వాహనాలు ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయాయి. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు పెరిగి పట్నం తలుపులు మూసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం ఆహారభద్రత కార్డు ఉన్న ఇళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. కేంద్రం మే నెలలో ఉపాధి హామీకి మరో 40,000 కోట్లు కలిపింది. ఆ ఏడు తెలంగాణలో కూలి రోజుకు 237 రూపాయలు. అయితే అది పూర్తి కొలతకు వచ్చే కూలి. గట్టినేలలో గుంత లోతు తగ్గితే కూలీ తగ్గుతుంది. ఎండకు నేల గట్టిపడుతుందని ఏప్రిల్, మే నెలల్లో కొలతలో 30 శాతం వేసవి భత్యం కలిపేది అందుకే.

మస్టరు రాసే ఫీల్డ్ అసిస్టెంట్లు సరిగ్గా అప్పుడే లేరు. మార్చిలో సమ్మెకు దిగినందుకు ప్రభుత్వం వాళ్లను తొలగించింది. భారం పంచాయతీ కార్యదర్శుల మీద పడింది. ఫీల్డ్ అసిస్టెంట్లు మళ్లీ పనిలోకి వచ్చింది 2022లో.

ఆ మే నెలలో రైళ్ల కథ ఇంకో వింత. ఒకటో తేదీన లింగంపల్లి నుంచి దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు 1,200 మంది వలస కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగడియా నుంచి అదే లింగంపల్లికి రెండు వందల పైచిలుకు హమాలీలు ఎదురు వచ్చారు. కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం గుట్టలు పడి ఉన్నాయి, మిల్లుల్లో బస్తా ఎత్తే మనిషి లేడు. రాష్ట్ర మంత్రి స్వయంగా స్టేషన్‌కు వెళ్లి స్వాగతం చెప్పి వాళ్లను మిల్లులకు పంపించారు. మిర్యాలగూడ వెళ్లాల్సిన వాళ్లూ అందులో ఉన్నారు. ఊళ్లో పని లేక టీచరు గడ్డపార పడుతున్న రోజుల్లోనే, పాతిక మైళ్ల అవతల మిల్లుకు మనుషులు దొరకలేదు. బస్తా మోయడం అందరి వల్లా అయ్యే పని కాదు మరి. ఆ ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది మరో ఏడాదికి, 2021 ఏప్రిల్‌లో.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. రోజులు 125 అయ్యాయి, గాంధీ పేరు పోయింది. నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. ఎడమ కాలువ ఆయకట్టులో ఈ విరామం కొత్తేమీ కాదు. కోదాడ వైపు నాట్లు పడే రోజుల్లో కరువు పనికి పోయేవాళ్లు తక్కువే. నాటు కూలి అంతకన్నా ఎక్కువ వస్తుంది.